దసరా తర్వాత ఆకేరు వాగులో గాలం వేయాలంటే ఎక్కడ నిలబడాలి?

కాజీపేట పోరడు:
అన్నలూ, నేను ఇన్నాళ్లూ చెరువు కట్ట మీద కూర్చొని ఎర్రలతో గాలం వేసినవాణ్ణి. జిలేబీ చేపలు, జెల్లలు పడుతుంటాయి. ఈసారి పండుగ పోయాక వర్ధన్నపేట దగ్గర ఆకేరులో వేద్దామని ఉంది. వరద తగ్గి నీళ్లు తేటపడుతున్నాయి. నాకు బొమ్మె (కొర్రమీను) కావాలి, కుదిరితే వాలుగ చేప. చెక్‌డ్యామ్ కింద నిలబడాలా, పైన మడుగు దగ్గరా? ఎర ఏది పెట్టాలి?

ఆకేరు ఒడ్డు:
తమ్మీ, ఆ రెండూ ఒక్క చోట దొరికేవి కావు. ఏది కావాలో ముందు తేల్చుకో.

మృగశిర వానలకు కొత్తనీళ్లు రాగానే చేప ఎదురెక్కుతుంది. వాగులోంచి ఒర్రెల్లోకి (చిన్న కాలువల్లోకి), ఒర్రెల్లోంచి పొలాల్లోకి పోతుంది. ఇప్పుడు తిరిగి దిగే కాలం. వరి గింజ గట్టిపడ్డాక, కోతకు ముందు, రైతులు మడుల్లో నీళ్లు తీసేస్తారు. ఆ నీళ్లతో పాటు పరకలు (చిన్న చేపలు), కప్పలు ఒర్రె వెంట వాగులోకి జారుతాయి. ఒర్రె వచ్చి కలిసే మూల, తుంగ ఉన్న నిలకడ నీళ్లు చూసుకో. బొమ్మె అక్కడే కాచుకొని ఉంటుంది. జోరుగా పారే నీళ్లు దానికి పడవు. గాలి పీల్చడానికి పైకొచ్చి బుడుంగున మునుగుతుంది కాబట్టి, గాలం విప్పకముందు కాసేపు ఊరికే కూర్చుని చూడు. తేట నీళ్లు కదా, నీ నీడ నీటి మీద పడనీయకు.

బతికున్న కప్పను గుచ్చడం నాకు ఇష్టం ఉండదు. రబ్బరు కప్పను గడ్డి మీదుగా మెల్లగా లాగితే చాలు. చప్పుడు వినగానే గుంజొద్దు. దారం బిగిసేదాకా ఆగి అప్పుడు గుంజు. పొద్దున ఎండ ఎక్కకముందు, మళ్లీ సాయంత్రం మంచి వేళ.

వాలుగకైతే చెక్‌డ్యామ్ కిందికే పోవాలి. నీళ్లు దుంకే చోట పరకలు చేరతాయి, వాటి కోసం అది వస్తుంది. చీకటి పడ్డాకే మేతకు కదులుతుంది. చచ్చిన పరక గానీ కోడి పేగులు గానీ పెట్టు. దాని పళ్లకు తంగూసు (గాలపు నైలాన్ దారం) తెగుతుంది, గాలం పైన జానెడు స్టీలు తీగ కట్టు. ఆ సిమెంటు మీద పాకురు ఉంటుంది, ఒంటరిగా పోకు. పైన ఎక్కడ వాన పడ్డా వాగు పెరుగుతుంది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు ఎట్లా పొంగిందో చూశాం కదా.

ఇంకొక్కటి, ఇది గట్టిగానే చెబుతున్నా. నారింజ రంగు పిల్లల గుంపు నీటి మీద ముద్దలా కదులుతుంటే అక్కడ గాలం వేయకు. కింద పెద్ద బొమ్మెలు కాపలా ఉంటాయి. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా కొరుకుతాయి, అందుకే పట్టడం సులువు. కానీ వాటిని తీసేస్తే ఆ పిల్లలు మిగతా చేపలకు మేత అయిపోతాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప తమ్మీ, ఆ బొమ్మె.

మత్తడి పక్కన ఇల్లు:
ఆ అన్న చెప్పింది నిజం. మాది చేపలు పట్టే కుటుంబం, నాన్న సహకార సంఘంలో సభ్యుడు. చెరువులో చేప పిల్లను వదిలి పెంచేది సంఘం, అందుకే చెరువులో వేసేముందు సంఘం వాళ్లను అడగండి. చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు బొచ్చె, రవ్వ చేపలు కొన్ని వాగులోకి పోతాయి, అవి మీ గాలానికి పడితే మాకేం బాధ లేదు. బాధంతా నీళ్లలో కరెంటు పెట్టేవాళ్లతోనే. నీళ్లు తగ్గి చేపలన్నీ ఒక్క మడుగులోకి చేరేది ఈ నెలల్లోనే, తీగ వేస్తే వేలెడంత పిల్ల కూడా మిగలదు. నీళ్లలో విషపు మందు కలపడం, తోటాలు పేల్చడం కూడా నేరం. ఎవరైనా అట్లా చేస్తుంటే చూసి ఊరుకోకండి, ఊళ్లో చెప్పండి.

కాజీపేట పోరడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ముందు బొమ్మెకే పోతా. కార్తీకంలో మా ఇంట్లో నీచు వండరు, ఆ లోపే పోవాలి. తంగూసు ఎంత మందం తీసుకోవాలి?

ఆకేరు ఒడ్డు:
0.40 ఎంఎం తీసుకో. బొమ్మె పడగానే తుంగలోకి దూరి చుట్టేసుకుంటుంది, సన్నది నిలవదు. అరకిలో లోపుది పడితే తిరిగి వదిలెయ్.