కప్పు బాదం అంటే ఎన్ని గ్రాములు? కొలవాలా, తూచాలా?

డాలస్ కోడలు:
సంక్రాంతికి బాదం కత్లీ చేశాను. అత్తగారు ఫోన్లో చెప్పిన కొలత: కప్పు బాదంకి అరకప్పు పంచదార. నేను కొట్లో కొన్న బాదం పొడి కప్పు కొలిచి వేశాను. తీపి ఎక్కువైంది, కత్తి పెడితే పెళ్ళలు పెళ్ళలుగా విరిగింది. కప్పుని గ్రాముల్లోకి మార్చడానికి ఒక లెక్కంటూ ఉందా? లేక కప్పులు మానేసి తూకమే పెట్టుకోవాలా?

నల్గొండ పెద్దమ్మ:
తూకం ఎందుకు బిడ్డా? మా అమ్మ గిద్ద, సోల, తవ్వలతోనే పెళ్ళిళ్ళకు వంటలు దించింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. గ్లాసు పల్లీలకు ముప్పావు గ్లాసు బెల్లం తురుము, ఇప్పటికీ నా పల్లీ పట్టి అదే. గ్లాసు చిన్నదైనా పెద్దదైనా పాళ్ళు మారవు.

మిఠాయి వంటవాడు, తణుకు:
పాళ్ళు మారవన్నది నిజమే పెద్దమ్మా. కానీ గ్లాసులో పోసే పప్పు రూపం మారితే పాళ్ళు కూడా మారతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం అక్కడి కప్పు (సుమారు 237 మి.లీ.) బాదం గుళ్ళు 143 గ్రాములు. పలచటి రేకులైతే 92, పొడి అయితే 95. అక్రోటు ఇంకా చిత్రం: సగం బద్దలు 100 గ్రాములు, తరిగిన ముక్కలు 117, పొడి 80. ముక్కలు సందుల్లో సర్దుకుంటాయి, పొడి గాలి పట్టి ఉబ్బుతుంది. అందుకే "కప్పు అంటే ఇన్ని గ్రాములు" అని ఒకే లెక్క చెప్పలేం.

కోడలుగారి కత్లీ అక్కడే దెబ్బతింది. అరకప్పు పంచదార దాదాపు 100 గ్రాములు. దానికి 143 గ్రాముల బాదం పడాల్సింది, 95 పడింది. మూడో వంతు తక్కువ! ఇంట్లోనే చూడండి: గ్లాసు బాదం మిక్సీలో పొడి చేసి, నొక్కకుండా అదే గ్లాసుతో కొలిస్తే గ్లాసున్నర దాకా వస్తుంది. గ్లాసుని గట్టు మీద నాలుగుసార్లు తట్టండి, మట్టం కిందికి దిగుతుంది. ఏది గ్లాసు మరి?

నల్గొండ పెద్దమ్మ:
గ్రాము తేడా లేకుండా తూచినా పాకం ముదిరితే పట్టి రాయే. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క పాకం వేసి, ఉండ చేసి కొడితే టంగుమనాలి. ఆ చప్పుడు ఏ త్రాసు చెబుతది?

మిఠాయి వంటవాడు, తణుకు:
పాకం చూడటం మీ దగ్గరే నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. అయితే మీకు పల్లీలు ఎప్పుడూ గుళ్ళే, బెల్లం ఎప్పుడూ తురుమే, కాబట్టి కొలత నిలిచింది. బెల్లం గడ్డలుగా వేసి చూడండి, సందులుండి గ్లాసులో తక్కువ పడుతుంది. ఊరు దాటే వంటకానికి మాత్రం గ్రాములు రాయాలి. కప్పే రాస్తే గుళ్ళా, పొడా అన్న మాట తప్పకుండా ఉండాలి.

డాలస్ కోడలు:
ఇప్పుడే అత్తయ్యని అడిగాను. గుళ్ళు కొలిచి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బుతారట! "పొడి కొంటావని నేనేం అనుకోలేదమ్మా" అన్నారు. శనివారం 143 గ్రాముల గుళ్ళు తూచి మళ్ళీ చేస్తున్నా. పెద్దమ్మా, కత్లీకి ఏ పాకం దగ్గర దించాలి?