ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. పుస్తకం దాటి ఏమైనా చేసే టైమ్ ఎలా దొరుకుతుంది?

మాది నల్లగొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాల. 1 నుంచి 5 దాకా 34 మంది పిల్లలు. ఒకరు కాంప్లెక్స్ మీటింగ్‌కు (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశం) పోతే ఆ రోజు ఐదు తరగతులకూ ఒక్కరే దిక్కు. 2022లో తొలిమెట్టు (చిన్న తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ప్రభుత్వ కార్యక్రమం) మొదలయ్యాక చదవడం, రాయడం కాస్త గాడిలో పడ్డాయి, కాదనను. కానీ తోట, పాటలు, ఊరి సంగతులు ఎప్పుడు? శనివారం ఒక పీరియడ్ విడిగా పెట్టాను. మూడు వారాలకే దాన్ని సిలబస్ మింగేసింది. వార్షిక ప్రణాళిక రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. మీరెలా చేస్తున్నారు?

జవాబు 1
మేడం, నేను రిటైరైన హెడ్మాస్టర్ని. శనివారం పీరియడ్ నేనూ పెట్టి చేతులు కాల్చుకున్నాను. విడిగా పెడితే ఎగిరిపోతుంది, పాఠంలోనే కలిపేయండి.

ఒక ఏడాది నాలుగో తరగతి భిన్నాలు ఎంతకీ ఎక్కలేదు. ఒక పాప ఇంటి నుంచి గింజలు కొలిచే పాత్రలు మానిక, తవ్వ, సోల తెప్పించాను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. (మా ఇంట్లో బియ్యం ఇప్పటికీ సోలతోనే.) బోర్డు మీద పావు అంటే నోరు విప్పని పిల్లాడిని "మానికల సోల ఎంతరా?" అని అడిగితే, "పావు సార్, మా నాయనమ్మ రోజూ కొలుస్తది" అన్నాడు. అదే సామానుతో ఒకటి, రెండు తరగతులు చింతగింజలు లెక్కపెట్టాయి. మూడో తరగతి దేనిలో ఎక్కువ పడతాయో ముందు ఊహించి, తర్వాత కొలిచి చూసింది. ఐదో తరగతికి సోలెడు బియ్యం, సోలెడు మరమరాలు ఇచ్చి తూకం వేయమన్నాను. "కొలత ఒకటే గదా సార్, బరువెట్ల మారింది?" అని భోజనం గంట కొట్టేదాకా కొట్లాట. అదే పరిసరాల విజ్ఞానం. ఐదు తరగతులకు ఐదు వేర్వేరు పాఠాలు తయారు చేయాల్సిన పని తప్పింది.

పిల్లలను కొలతలకు వరండాలో కూర్చోబెడితే తనిఖీకి వచ్చిన ఒకాయన "చదువు ఎప్పుడు చెప్తారు?" అన్నారు. పాఠ్య ప్రణాళిక చూపించాను. భిన్నాల పాఠం ఎదురుగా, బోధనాభ్యసన సామగ్రి గడిలో మానిక, తవ్వ, సోల అని ముందే రాసి ఉంది. ఇంకేం అనలేదు. అందుకే ముందుగా రాసిపెట్టుకోండి.

జవాబు 2
మాది విజయనగరం వైపండి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మేం పక్కన మూడో గడి గీయించాం, పాఠంలో వచ్చే వస్తువును ఊళ్లో ఏమంటారో పిల్లలే రాస్తారు. పీరియడ్‌లో ఐదు నిమిషాలు పడుతుందంతే.

జవాబు 3
సార్ చెప్పింది బాగానే ఉంది, కానీ ఏడాదంతా ఇలా కుదరదు. నేను నెలకు ఒక్క పాఠమే ఇలా చేస్తాను. మిగతావి మామూలుగానే.

అడిగినవారు
నెలకొకటి అంటే నాకూ ధైర్యం వచ్చింది. మా వంటమ్మ దగ్గర తవ్వ, సోల ఉన్నాయట. మానిక మాత్రం ఊళ్లో వెతకాలి.