తిరువనంతపురం చిత్రోత్సవం: నచ్చిన సినిమాలను తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: ఈ డిసెంబరులో కేరళ అంతర్జాతీయ చలన చిత్రోత్సవానికి హైదరాబాదు నుంచి మొదటిసారి వెళ్తున్నాను. రోజుకు ఐదు సినిమాలు చూడాలనుంది. అన్నీ మనసులో కలగాపులగం కాకుండా, చివరికి నాకు నిజంగా నచ్చినవేవో తేల్చుకోవడం ఎలాగో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?

జవాబు: ఐదు వద్దండీ, మూడు చాలు. కైరళి, శ్రీ, నిళ తెరలు ఒకే ప్రాంగణంలో ఉన్నా, నిశాగంధి ఆరుబయలు ప్రదర్శనకు కనకక్కున్ను దాకా వెళ్లాలి. నేను సినిమా అయ్యాక, ఎవరితోనూ మాట్లాడకముందే, మెట్ల మీద కూర్చుని చిన్న పుస్తకంలో ఒక్క దృశ్యం మాత్రమే రాసుకుంటాను. ఒక ఇరాన్ చిత్రం కథ చాలావరకు మరచిపోయాను గానీ, అందులో ఒక ముసలావిడ తడి చేతులు తుడుచుకుంటూ తలుపు తీయాలా వద్దా అని ఆగిపోయిన క్షణం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ ఏడాది నా మొదటి ఎంపిక అదే.

మరో జవాబు: 1996లో మొదలైన ఈ ఉత్సవంలో ఉత్తమ చిత్రానికిచ్చే సువర్ణ చకోరం పురస్కారాన్ని జ్యూరీ నిర్ణయించినా, పోటీ విభాగంలోని చిత్రాలకు ప్రతినిధులు, అంటే మీలా పేరు నమోదు చేసుకుని వచ్చే ప్రేక్షకులు, ఓటు వేసి ప్రేక్షకుల పురస్కారాన్ని నిర్ణయిస్తారు. కాబట్టి ఆ విభాగంలో వీలైనన్ని చూసి, మీ ఓటు తప్పకుండా వేయండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పుస్తకం ఇప్పుడే సంచిలో పెట్టుకున్నాను.