అంబాసిడర్ కాలమ్ గేరు: బుష్‌లు మార్చి నిలబెట్టాలా, ఫ్లోర్ గేరుకు మార్చేయాలా?

మార్క్2_చెన్నై:
1968 అంబాసిడర్ మార్క్ 2, గేరు లివర్ స్టీరింగ్ కాలమ్ మీద ఉండే రకం. ఇంజిన్, బాడీ పని అయిపోయింది, గేరు దగ్గర బండి ఆగింది. న్యూట్రల్‌లో లివర్ నాబ్ నాలుగు వేళ్ల మేర ఊగుతుంది. రెండో గేరుకు లాగితే ఒక్కోసారి టాప్‌లో (నాలుగో గేరులో) పడుతుంది. యాక్సిలరేటర్ వదలగానే మూడో గేరు జారిపోతుంది. మెకానిక్ ఏమో లింకేజీ (లివర్‌ను గేర్‌బాక్సుకు కలిపే రాడ్లు, కీళ్లు) సామాను దొరకదు, ఐఎస్‌జెడ్ (ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన తర్వాతి అంబాసిడర్) ఐదు గేర్ల బాక్సు వేసి లివర్ కిందికి దించేద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?

హైవే_పక్షం:
దించేయండి. నేను బెంగళూరు నుంచి రాస్తున్నాను. ఇక్కడి నుంచి మీ ఊరికి పాత నాలుగు గేర్ల మీద వస్తే దారి పొడుగునా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. ఐదో గేరు ఉంటే ఆ గోల తగ్గుతుంది. పాత బాక్సులో ఫస్టుకు సింక్రో (గేరు కరకరలాడకుండా పడేలా చేసే భాగం) లేదు, ఐఎస్‌జెడ్‌లో ఉంది. రాడ్లు, కీళ్లు, పిన్నులు అంటూ ప్రతి ఏడూ బండి కింద దూరే పని తప్పుతుంది.

గన్‌మెటల్:
అడిగింది లూజు గురించి, మీరు చెబుతున్నది హైవే గురించి. ముందు ఈ లెక్క చూడండి. లివర్ పొడవు 30 సెం.మీ., కాలమ్ అడుగున ఆర్మ్ 6 సెం.మీ. అనుకుందాం. కింద 1 మి.మీ. ఆట (లూజు) పైన 5 మి.మీ. అవుతుంది. దారిలో ఆరు కీళ్లుండి ఒక్కోటి అర మిల్లీమీటరు అరిగితే నాబ్ దగ్గర 15 మి.మీ. ఊగుతుంది. మీకు నాలుగు వేళ్లంటే పిన్నులే కాదు, ఆర్మ్‌లలో రంధ్రాలు కూడా కోలగా సాగి ఉంటాయి. ఇంకొకరిని లివర్ ఊపమని మీరు కింద ప్రతి కీలు మీద వేలు పెట్టండి. ఎక్కడ ఒక పక్క కదిలి రెండో పక్క కదలడం లేదో దొరికిపోతుంది.

ఇక మూడో గేరు. లింక్ రాడ్డు పిన్ తీసి, బాక్సు పక్కనున్న లివర్‌ను చేత్తో మూడులోకి తోయండి. టక్కుమని గట్టిగా కూర్చుంటే బాక్సు మీద అనుమానం తగ్గినట్టే, లింకేజీయే దాన్ని చివరిదాకా తోయట్లేదు. మెత్తగా, టక్కు లేకుండా వెళ్తే లోపల గేరును పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగు, బాల్ చూడాలి. ఈ పరీక్షకు పావుగంట చాలు. అది చేయకుండా బాక్సు మార్చమనడం తలనొప్పికి తల తీసేయమన్నట్టుంది.

లేత్‌బాబాయ్:
సామాను దొరకదన్న మాట సగం నిజం. పుదుపేట పాత సామాన్ల బజారులో లింకేజీ సెట్టు దొరికినా అదీ ఇంతే అరిగి ఉంటుంది. దానికి డబ్బు తగలేయకండి. కోలగా సాగిన రంధ్రాన్ని పెద్దగా, గుండ్రంగా బోరు చేయించి కొత్త బుష్ (పిన్ చుట్టూ పడే గొట్టం లాంటి ముక్క) కొట్టించడమే దారి. అంబత్తూరు వైపు ఏ టర్నరైనా చేస్తాడు.

అయితే అన్నిచోట్లా గన్‌మెటల్ (కంచు రకం లోహం) బుష్ వద్దు. గ్రీజు ఆరితే అది పిన్‌నే తినేస్తుంది, పైగా గలగలమంటుంది. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) వేయండి.

గన్‌మెటల్:
బాబాయ్, సైలెన్సర్ పైపు పక్కనున్న కీలుకు కూడానా? డెల్రిన్ 175 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 90 దాటిన వేడిలో రోజూ ఉంటే అంతకుముందే మెత్తబడి పాడవుతుంది.

లేత్‌బాబాయ్:
పైపు దగ్గరి కీళ్లకు గన్‌మెటల్, ఒప్పుకున్నా. పిన్ మాత్రం ఈఎన్-8 ఉక్కులో గట్టిపరిచినదే ఉండాలి, గ్రీజు నిప్పుల్ వీలైతే పెట్టించండి. కాలమ్ పక్కన, క్యాబిన్ లోపల డెల్రిన్. మామూలు నైలాన్ మాత్రం వద్దేవద్దు. చెన్నై గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం సరిగ్గా ఉన్న లివర్ వానల్లో బిగుసుకుంటుంది. ఇంకో మాట: ఏ బుష్ అయినా కొట్టాక లోపలి రంధ్రం కొంచెం మూసుకుంటుంది, అందుకే కొట్టిన తర్వాతే రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు నునుపు చేసే పనిముట్టు) వేయాలి. గన్‌మెటల్‌కు 0.05 మి.మీ. ఖాళీ, డెల్రిన్‌కు 0.1 చాలు. నూనె పట్టే సింటర్డ్ (లోహపు పొడిని నొక్కి, కాల్చి చేసిన) బుష్ దొరికితే దానికి రీమర్ వేయొద్దు, నూనె పట్టే సన్న రంధ్రాలు పూడిపోతాయి.

హైవే_పక్షం:
ఇన్ని బుష్‌లు, ఇన్ని కొలతలు! ఫ్లోర్ గేరుకు ఒక్క లివర్ చాలు కదా.

గన్‌మెటల్:
లివర్ ఒక్కటే, దాని వెనకాల ఏముందో కూడా చెప్పండి. బెల్ హౌసింగ్‌కు అడాప్టర్ ప్లేటు, కొత్త బాక్సు స్ప్లైన్లకు (షాఫ్ట్ మీది పళ్లకు) సరిపోయే క్లచ్ ప్లేటు, స్పిగాట్ బుష్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చి బ్యాలెన్స్ చేయించడం, బాక్సు కింది క్రాస్ మెంబర్, స్పీడోమీటర్ కేబుల్. అడాప్టర్ సెంటరు తప్పితే ఇన్‌పుట్ బేరింగు పోతుంది, ఆ మోత ఐదో గేరులోనూ వినిపిస్తుంది. టన్నెల్ (బాక్సు మీద ఉబ్బుగా ఉండే ఫ్లోరు రేకు) కోయాలి. ముందు సీట్లో ముగ్గురు కూర్చునే సౌకర్యం కూడా పోతుంది.

ఆర్సీ_బుక్కు:
కోత దగ్గర ఒక్క క్షణం ఆగండి. 2021 వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. గేర్‌బాక్సు పేరు అందులో లేదు కాబట్టి వాదించుకోవచ్చు. కానీ టన్నెల్ కోస్తే అది బాడీ షెల్ కాదని ఎలా అంటారు? వింటేజ్ బళ్లకిచ్చే వీఏ నంబరు కావాలనుకుంటే కట్టర్ పట్టకండి.

మార్క్2_చెన్నై:
పిన్ తీసి చూశాను. మూడో గేరు టక్కుమని కూర్చుంది, కాబట్టి కాలమ్‌నే ఉంచుతున్నాను. బుష్‌లు వేశాక అడ్జస్ట్‌మెంట్ ఎలా?

లేత్‌బాబాయ్:
ముందు ఇంజిన్, బాక్సు మౌంటింగ్‌లు చూడు నాయనా. కాలమ్ బాడీకి బిగిసి ఉంటుంది, బాక్సు రబ్బరు మీద ఊగుతుంది. మౌంటింగ్ చిట్లి ఉంటే నువ్వు ఎంత బాగా సెట్ చేసినా యాక్సిలరేటర్ వదలగానే బాక్సు కదిలి మూడో గేరును లాగేస్తుంది. కాలమ్ బ్రాకెట్ క్లాంపులూ బిగించు.

తర్వాత బండి చక్రాల మీద ఉండగా, బాక్సు లివర్లు రెండూ న్యూట్రల్‌లో పెట్టు. పై లివర్‌ను 3-4 వరుసలో న్యూట్రల్‌లో ఎవరినైనా పట్టుకోమను. ముందు గేరు మార్చే రాడ్డు, తర్వాత వరుస ఎంచే రాడ్డు. పిన్ వేలితో జారి పడాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే పొడవు తప్పు. చెక్ నట్ వదిలి అర చుట్టు చొప్పున తిప్పు. నీకు రెండు బదులు టాప్ పడేది ఈ రెండో రాడ్డు పొడవు తేడా వల్ల కావచ్చు.

చివరి పరీక్ష: ఒక్కో గేరులో పెట్టి పిన్ తీసి, బాక్సు లివర్ ఇంకా ముందుకు పోతుందా చూడు. పోతే రాడ్డు దాన్ని పూర్తిగా తోయట్లేదు, ఆ గేరు దూకుతుంది. అన్నీ కుదిరాక కొత్త స్ప్లిట్ పిన్నులు వేయి, పాతవి నిఠారు చేసి మళ్లీ వాడకు.

హైవే_పక్షం:
అన్నీ చేశాక లోడు మీద మూడో గేరు మళ్లీ దూకితే బాక్సు లోపల సింక్రో హబ్ లాంటిది ఏదో అరిగి ఉండొచ్చు, బాక్సు ఎలాగూ దించాలి. అప్పుడు ఐదు గేర్ల సంగతి మళ్లీ ఎత్తుతాను.