ట్రాక్ ముందు ఎవరికి వినిపించాలి: తోటి ప్రొడ్యూసర్లకా, మామూలు జనానికా?

అనంతపురం లూప్:
అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాకులు చేస్తున్నాను. ల్యాప్‌టాప్, ఒక జత హెడ్‌ఫోన్లు, ఆ సాఫ్ట్‌వేర్‌కు స్వరాలు పంపే 25 కీల మిడి కీబోర్డు, ఇదే నా స్టూడియో. మిద్దె మీద గది కాబట్టి ఎండాకాలం పగలు కూర్చోలేను, పనంతా రాత్రే. ఇప్పటికి 14 ట్రాకులు పూర్తిచేశాను.

నాలాగే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసే ప్రొడ్యూసర్ల గ్రూపుల్లో పెడితే ఎక్కువగా వచ్చేది "ఫైర్ బ్రో", దాని కింద వాళ్ళ లింకు. నా ట్రాక్ ముప్పై సెకన్లు కూడా వినలేదని తెలిసిపోతుంది. ఒక్కరు మాత్రం "కిక్కూ బేసూ ఒకేచోట కొట్టుకుంటున్నాయి" అని రాశారు. దానివల్లే సైడ్‌చైన్ నేర్చుకున్నాను, అంటే కిక్ (లోతైన డ్రమ్ దెబ్బ) పడినప్పుడల్లా బేస్‌ను కాస్త తగ్గించడం. ఆయనకు రుణపడి ఉన్నాను.

మొన్న వినాయక చవితికి మా వీధి మండపం దగ్గర, డీజే అన్నను బతిమాలి నా ట్రాక్ ఒకటి వేయించాను. హెడ్‌ఫోన్లలో గుండె మీద కొట్టిన బేస్ ఆ బాక్సుల్లో దాదాపు మాయమైంది. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ మా మేనత్త మాట: "ఇంతసేపూ ఏదో వస్తుంది, వస్తుంది అనిపించింది నాయనా, ఏమీ రాలేదు." ఏడాదిన్నరలో ఏ గ్రూపులోనూ నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. అందుకే ఇకమీదట ట్రాక్ ముందు మామూలు వాళ్ళకే వినిపించాలని అనుకుంటున్నాను. మీరేమంటారు?

రాత్రి మిక్స్ (కర్నూలు):
నేను ఒప్పుకోను బ్రో. మీ అత్త మాట విలువైనదే, కానీ అలాంటి అత్తలు ఎంతమంది? మా ఇంట్లో ఏది వినిపించినా "బాగుంది నాన్నా, భోంచేయి" అంటారు. స్నేహితులు మొహమాటపడతారు. ఇంకా పెద్ద చిక్కు, మనవాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "పాట ఎప్పుడు మొదలవుతుంది?" గొంతు వస్తేనే పాట వాళ్ళకు. టెక్నో అనే డాన్స్ సంగీతంలో ఆరు నిమిషాలు ఒకే కిక్ నడుస్తుంది, మార్పంతా చిన్నచిన్న శబ్దాల్లో జరుగుతుంది. అది దాని పద్ధతి. ఆ సంగీతం ఎప్పుడూ విననివాళ్ళ మాట పట్టుకుని సరిదిద్దుకుంటూ పోతే చివరికి సినిమా పాట నకలు మిగులుతుంది. నేను రెండేళ్ళు ఆ తప్పు చేశాను. ప్రతి ట్రాకులోనూ ఎవరో ఒకరు అడిగారని వేణువు పెట్టాను.

బేస్ మాయమైన సంగతి చూడండి. అది మండపంలో ఎవరూ విడమరిచి చెప్పలేరు. బేస్ మీద స్టీరియో వైడనర్ ప్లగిన్ వేశారా? అది ఎడమ, కుడి శబ్దాలను ఒకదానికొకటి తేడాగా మారుస్తుంది. హెడ్‌ఫోన్లలో వెడల్పుగా, గొప్పగా ఉంటుంది. మోనోలో, అంటే ఎడమ, కుడి ఒకే శబ్దంగా వచ్చేచోట, రెండూ కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వీధి సెటప్‌లో బేస్ దాదాపు ఎప్పుడూ మోనోనే. మాస్టర్ (ట్రాక్ మొత్తం కలిసి బయటికొచ్చే చోటు) మీద మోనో బటన్ నొక్కి వినండి, ఐదు సెకన్లలో తెలుస్తుంది. తెలిసిన ప్రొడ్యూసర్ ఒక్కడున్నా ఇది మండపం దాకా వెళ్ళకముందే పట్టేవాడు.

బాక్సుల అన్న (కడప):
నేను ట్రాకులు చేయను, బాక్సులు అద్దెకిస్తాను. కర్నూలు తమ్ముడు మోనో గురించి చెప్పింది నిజం. ఇంకోటి కలుపుతాను. పిల్లలు తెచ్చే ట్రాకుల్లో 30 హెర్ట్జ్ కింద బోలెడంత సరుకు ఉంటుంది. మా 18 ఇంచుల బేస్ బాక్సులు ఆ లోతుకు దిగవు, కోన్లు ఊరికే ఊగుతాయి, ఆంప్లిఫయర్ పవరంతా అక్కడే పోతుంది. అందుకే మేము కింది భాగం ముందే కోసేస్తాం. నీ బేస్ అంతా ఆ కోసేసిన చోటే ఉంటే జనానికి ఏం మిగులుతుంది? 50, 60 హెర్ట్జ్ దగ్గర బలం ఉండాలి. ఫోన్ స్పీకర్‌లో అయితే అదీ రాదు. బేస్‌కు కొంచెం సాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేయడం) పెడితే పైన హార్మోనిక్స్, అంటే దాని రెట్టింపు, మూడింతల స్వరాలు, పుడతాయి, చిన్న స్పీకర్‌లో కూడా చెవి ఆ బేస్‌ను ఊహించుకుంటుంది.

ఇక ఎవరిని అడగాలి అన్నావు. అబ్బీ, నోటితో అడగొద్దు, కాళ్ళు చూడు. నిమజ్జనం ఊరేగింపులో బండి వెనకాల నడిచి చూస్తే తెలుస్తుంది. ఎక్కడ చేతులు లేస్తాయి, ఎక్కడ నీళ్ళ ప్యాకెట్ కోసం పక్కకు పోతారు. ఎవరూ అబద్ధం చెప్పరు అక్కడ.

సింథ్ అక్క:
ఎవరిని అడగాలి అని కొట్లాడుతున్నారు. ఏమని అడుగుతున్నారు అన్నది ఎవరూ అనడం లేదు. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" తప్ప ఇంకేం వస్తుంది? నేను మా ఇంట్లో వాళ్ళను ఒక్కటే అడుగుతాను: "వినేటప్పుడు ఫోన్ చూడాలనిపించిన చోట చెయ్యి ఎత్తండి." చేతులు లేచిన సెకన్లు రాసుకుంటాను. నలుగురు ఒకేచోట ఎత్తితే అక్కడ ఏదో ఉంది. ఏముందో వాళ్ళు చెప్పక్కర్లేదు, వాళ్ళు చెప్పిన మందు వాడక్కర్లేదు. వేణువు పెట్టమన్నారంటే అక్కడ వాళ్ళకు ఖాళీగా అనిపించిందని అర్థం. ఆ ఖాళీని వేణువుతోనే నింపాలని ఎక్కడా లేదు.

లూప్ తమ్ముడూ, మీ అత్తగారి మాటను మన భాషలోకి మార్చుకో. "వస్తుంది వస్తుంది, రాలేదు" అంటే బిల్డప్ (ఊరించే భాగం) పొడవైంది, లేదా డ్రాప్‌లో (ఊరింపు తర్వాత బీట్ విరుచుకుపడే చోట) కొత్తది ఏమీ లేదు. బిల్డప్ ఎన్ని బార్లు (నాలుగేసి బీట్ల ముక్కలు) పెట్టావు? 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) 64 బార్లు అంటే సరిగ్గా రెండు నిమిషాలు. రెండు నిమిషాలు ఆశపెట్టి అదే కిక్ తిరిగి ఇస్తే ఎవరికైనా నిరాశే.

ప్రొడ్యూసర్లను అడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. మిక్స్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఏది బాగుందని అడిగితే, శబ్దం ఎక్కువున్నదే బాగుందంటారు. అది వాళ్ళ తప్పు కాదు. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేస్ మిగతావాటికంటే ఎక్కువగా తగ్గిపోయినట్టు వినిపిస్తుంది, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి పెట్టారు. కాబట్టి రెండు ఫైళ్ళనూ ఒకే లౌడ్‌నెస్‌కు తెచ్చి పంపు. మీటర్‌లో రెండూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలత) చూపిస్తే చాలు, స్పాటిఫై కూడా మామూలుగా ఆ స్థాయికే సర్దుతుంది. రాత్రి మరీ చిన్న శబ్దంతో మిక్స్ చేసేవాళ్ళకు కూడా ఈ మాట. అప్పుడు బేస్ చాలలేదనిపించి పెంచుతూ పోతాం. తెల్లారి వింటే బురద.

ఉరుము శాంపిల్:
మాది అనంతపురం జిల్లాలోనే ఒక పల్లె. నాకు జరిగింది చెప్తాను, ఎవరి వైపు లెక్కేస్తారో మీ ఇష్టం.

మా ఊరి గుడి దగ్గర ఉరుము అనే డోలు వాయించే పెద్దాయన అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఒక పక్క పుల్లతో కొడతారు, రెండో పక్క వంపు పుల్లతో రాస్తారు. ఆ రాపిడికి మూలిగినట్టు ఒక శబ్దం వస్తుంది, ఏ సింథ్ ప్రీసెట్‌లోనూ (సింథసైజర్‌లో ముందే సిద్ధంగా ఉండే శబ్దాలు) నాకు అది దొరకలేదు. దాన్ని ముక్కలు చేసి, ప్రతి దెబ్బనూ గ్రిడ్ మీదికి, అంటే సాఫ్ట్‌వేర్ గీసే సమాన కాలపు గీతల మీదికి, లాగి, 120 బీపీఎంలో లూప్ కట్టాను. ప్రొడ్యూసర్ల గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. టైట్‌గా ఉంది, క్లీన్‌గా ఉంది అన్నారు. చాలా సంతోషపడ్డాను.

పెద్దాయనకు వినిపించాలని వెళ్ళాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నారు. "శబ్దం నాదే నాయనా. కానీ నడవడం లేదు, నిలబడి కొడుతోంది" అన్నారు. ఇంటికొచ్చి అసలు రికార్డింగ్ తెరిచి చూశాను. 120లో పదహారో వంతు నోటుకు 125 మిల్లీసెకన్లు. ఆయన మూడో దెబ్బ ప్రతిసారీ గ్రిడ్‌కు 20, 30 మిల్లీసెకన్లు వెనక పడుతోంది. అది పొరపాటైతే ప్రతిసారీ అక్కడే పడదు కదా. నేను దాన్ని సరిచేశాననుకుని ఆయన నడకనే తీసేశాను. క్వాంటైజ్ (ఆ గ్రిడ్ సర్దుబాటు) అంతా తీసేసి, కిక్‌నే ఆయన దెబ్బ వెనక నడిపించాను. ఆ ట్రాక్ ఇప్పటికీ నేను చేసినవాటిలో నాకు ఇష్టమైనది.

ఆయన ప్రొడ్యూసర్ కాదు. మామూలు శ్రోతా కాదు. మీరు పెట్టిన రెండు పేర్లలో ఆయన ఎక్కడా లేరు.

ఒంటరి సింథ్ (కడప):
నా మాట వేరు. ఎవరికీ వినిపించకండి. 1982లో చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు ముంబైలో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్యాలు మూడు పెట్టుకుని రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు వేశారు. అప్పుడు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా చెవి పెట్టింది, యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టకముందే ఈ శబ్దం ఎలా చేశాడని. ఆయన నలుగురినీ అడిగి ఉంటే ఆ రికార్డు వచ్చేదా?

సింథ్ అక్క:
ఆయనంటే నాకూ చాలా గౌరవం. కానీ ఆ రికార్డుకు ముందు ఏళ్ళ తరబడి హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి ఆయన. అక్కడ స్వరం తప్పితే టేక్ ఆగిపోతుంది, అందరి ముందూ మళ్ళీ వాయించాలి. అంత దిద్దుబాటు దాటాక ఒంటరిగా కూర్చున్నారు. మనం ఏడాదిన్నరకే గది తలుపు వేసుకుంటే ఎలా?

ఒంటరి సింథ్ (కడప):
అది ఒప్పుకుంటాను. అయినా ప్రతి ట్రాకూ నలుగురి ముందు పెట్టక్కర్లేదు అన్న మాట మీదే ఉన్నాను. పుట్టిన మొదటి వారం దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

అనంతపురం లూప్:
రెండు వారాల తర్వాత వచ్చాను, ఆలస్యమైంది, పరీక్షలు.

రాత్రి మిక్స్ అన్నా, మీరన్నట్టే వైడనర్ బేస్ మీదే ఉంది. మోనో బటన్ నొక్కగానే బేస్ పోయింది, నా కళ్ళు తిరిగాయి. తీసేశాను. బాక్సుల అన్న చెప్పినట్టు 30 కింద కోసి, కొంచెం సాచురేషన్ పెట్టాను. బిల్డప్ నిజంగానే 64 బార్లు ఉంది అక్కా. దాన్ని 32 చేశాను. డ్రాప్‌లో ఏం రావాలో తోచక నాలుగు రాత్రులు పట్టింది. చివరికి బిల్డప్ అంతా వినిపించే ప్యాడ్‌ను (వెనకాల సాగే మెత్తటి సింథ్ శబ్దం) డ్రాప్‌లో పూర్తిగా ఆపేసి, కిక్కూ బేసూ మాత్రమే వదిలాను.

కానీ ఇక్కడే టెన్షన్. మా అత్తకు వినిపిస్తే "ఇప్పుడు వచ్చింది" అంది. గ్రూపులో పెడితే ఇద్దరు "ప్యాడ్ ఎందుకు తీశావు, డ్రాప్ బోసిగా ఉంది" అన్నారు. అందుకే ప్యాడ్ ఉన్నదీ లేనిదీ రెండూ ఒకే లౌడ్‌నెస్‌లో పెడుతున్నాను, ఏ, బి అని. ఏది ఏదో చెప్పను. బాగుందా అని అడగను. ఎన్నో సెకన్ దగ్గర మీ మనసు పక్కకు పోయిందో అది మాత్రం రాయండి.

రాత్రి మిక్స్ (కర్నూలు):
ఏ: 1 నిమిషం 52. బి: చివరిదాకా పోలేదు. రెండోసారి వినకముందే రాస్తున్నాను. ప్యాడ్ తీసింది బి అయితే నా మొదటి పోస్టులో సగం వెనక్కి తీసుకుంటాను.

బాక్సుల అన్న (కడప):
ఫోన్‌లో విని నేను చెప్పను. ఆదివారం పొద్దున గోడౌన్‌లో రెండు బేసులు, రెండు టాపులు (పై శబ్దాల బాక్సులు) కట్టి ఉంటాయి, పదింటి వరకు బుకింగ్ లేదు. పెన్‌డ్రైవ్‌లో వేవ్ ఫైల్ తీసుకురా, ఎంపీత్రీ వద్దు. మీ అత్తను కూడా పిలుచుకురా అబ్బీ.