వెనక గుమ్మానికి చెద: ఏం కొట్టినా మళ్ళీ వస్తోంది, మందు పేరు చెప్పండి

అంబాజీపేట కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. పొద్దున్నుంచీ ఇదే పని మీదున్నా, బుర్ర పనిచెయ్యట్లేదు. ఇంట్లో గుమ్మానికి చెద పట్టింది. షాపులో స్ప్రే డబ్బా ఇచ్చారు, కొడితే చచ్చాయి. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే. కిరసనాయిలు పోశాను, వేణ్ణీళ్ళు పోశాను. ఆఖరికి పెయింటు వేయిస్తే పెయింటు కిందే బుడిపెలు లేచాయి, వేలితో నొక్కితే చెక్క లోపలికి పోతోంది. పొడి కూడా రాలుతోంది. మాఘమాసంలో చెల్లి పెళ్ళి, ఇంటినిండా చుట్టాలొస్తారు. యూట్యూబులో ఒక్కొక్కడు ఒక్కోటి చెబుతున్నాడు. ఏ మందు కొట్టాలో ఒక్క పేరు చెప్పండి, చాలు.

భీమవరం రొయ్యలు:
క్లోరిపైరిఫాస్ 20 ఈసీ, అంటే 20 శాతం మందు. లీటరు మందుకి 19 లీటర్ల నీళ్ళు. కొట్టి పడెయ్యండి.

రిటైర్డ్ ఏఓ:
ఆగండాగండి. మందు తర్వాత. ఏ గుమ్మం? ఇల్లు ఎప్పటిది? గోడ మీద మట్టి బాట ఉందా, ఉంటే అది నేల దగ్గర మొదలైందా, పైనుంచి దిగిందా? పొడి అన్నారు. మట్టిలా ఉందా, మైదాపిండిలా ఉందా, గసగసాల్లా గింజ కట్టి ఉందా? అవి మూడు వేర్వేరు పురుగుల పనులు, మూడింటికీ వైద్యం వేరు. ఫొటో పెట్టండి.

మండువా లోగిలి:
ఈ రోజుల్లో గుమ్మాలు చెద పట్టక ఏం చేస్తాయండీ! లేత టేకు కొట్టుకొచ్చి బిగించేస్తున్నారు, అందులో నడిమి గట్టి చేవ ఎంత, చుట్టూ ఉండే మెత్తటి తెల్లచెక్క ఎంత? వెనకటికి పైనుంచి కలప తెప్పలు కట్టి గోదాట్లో వదిలితే రాజమండ్రిలో ఒడ్డుకి లాగేవారు. రంగూన్ నుంచి బర్మా టేకు ఓడల్లో వచ్చేది. మా తాతగారి లోగిలి 1986 వరదలో రోజుల తరబడి నీళ్ళలో నానింది. ఒక్క ద్వారబంధం చెక్కు చెదిరితే ఒట్టు. దూలాలకి వేసిన తాటిచెట్లు కూడా ముదురువి చూసి మరీ కొట్టేవారు. ఇప్పుడు ఆ మనుషులూ లేరు, ఆ కలపా లేదు.

పాలకొల్లు వడ్రంగి:
బర్మా టేకైనా గడప మట్టిలో పాతితే తింటాదండి. కాకపోతే నిదానంగా తింటాది. నేను లోగిళ్ళు చాలానే విప్పాను. పైన రంగు నిగనిగలాడతా ఉంటాది, ఉలి ఆనిస్తే లోపలంతా మట్టే. ముందు తెల్లచెక్క తినేస్తాది, చేవ జోలికి ఆఖర్నొస్తాది. తమ్ముడూ, స్క్రూడ్రైవరు పిడితో గడప కాణ్ణించి పైకి కొట్టుకుంటా రా. డొల్ల మోత ఎక్కడ ఆగిపోద్దో అక్కడిదాకా పోయినట్టు లెక్క. మందు సంగతి ఆ తర్వాత చూద్దాం.

అంబాజీపేట కుర్రాడు:
మందు పేరు అడిగితే ఇంటి చరిత్ర అడుగుతున్నారేంటండీ. సరే. ఇల్లు తాతయ్య కట్టించింది. తర్వాత వెనక వసారా మూసి గది చేశాం, ఆ గది గుమ్మం ఇది. పొడి పిండిలాగే ఉంది, తెల్లగా. ఫోను చార్జింగులో ఉంది, ఫొటో రాత్రి పెడతా.

రిటైర్డ్ ఏఓ:
తెల్లటి మెత్తని పిండైతే అది చెద కాదు, పుచ్చు. చెక్క మీద గుండుసూది తలంత గుండ్రటి చిల్లులు కనబడాలి, చూడండి. చెద ఎప్పుడూ పిండి రాల్చదు. తిన్నచోట మట్టి పూసుకుంటూ పోతుంది.

పాలకొల్లు వడ్రంగి:
మాస్టారూ, నొక్కితే లోపలికి పోతంది అంటన్నాడు కదా. పుచ్చు పడితే బెజ్జాలుంటాయి గానీ రంగు కింద బుడిపెలు లెగవవు. అది చెదే.

రిటైర్డ్ ఏఓ:
పిండి రాలుతోందని ఆయనే అన్నారు.

పాలకొల్లు వడ్రంగి:
ఆయన అంటాడండి. ఆయనకి రెండూ ఒకటే.

రాజోలు ఆడపడుచు:
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా బీరువా కింద గసగసాల్లాంటివి కుప్పగా పడుతున్నాయి. ఊడ్చేస్తే తెల్లారేసరికి మళ్ళీ అంతే. మట్టి మాత్రం ఎక్కడా లేదు. ఇదేంటండీ?

రిటైర్డ్ ఏఓ:
అమ్మా, అది పొడిచెక్క చెద. సముద్రం దగ్గర ఊళ్ళలో కనబడుతుంది. దానికి నేలతో పని లేదు, ఆ చెక్కలోనే కాపురం. ఆ గింజలు దాని రెట్ట. భూతద్దంతో చూస్తే ఒక్కో గింజకీ ఆరు పలకలుంటాయి. బీరువా ఎండలోకి లాగించి, గింజలు రాలే చిల్లు వెతికి అందులోకి సిరంజితో మందు ఎక్కించాలి. మీ ఇంట్లో నేలకి మందు పెడతామని ఎవరైనా వస్తే డబ్బులు ఇవ్వొద్దు, ఆ పురుగు నేలలో లేదు.

భీమవరం రొయ్యలు:
చెదైనా పుచ్చైనా పురుగే కదా. చంపే మందు ఒకటే.

ప్రకృతి సేద్యం:
అందరూ విషాలే చెబుతున్నారు. వేపనూనెలో పసుపు, ఇంగువ కలిపి రాయండి. జిల్లేడు ఆకులు నానబెట్టిన నీళ్ళు పోయండి. గోడ కింద కళ్ళుప్పు, సున్నం వేస్తే చెద దరిదాపులకి రాదు. మన పెద్దలకి ఏ రసాయనాలున్నాయి?

రిటైర్డ్ ఏఓ:
సున్నం రసాయనం కాదా అండీ? వేపనూనె పూసినచోట కొన్నాళ్ళు నోరు పెట్టకపోవచ్చు. పురుగు వచ్చేది గోడ అడుగున మట్టిలోంచి, అక్కడికి మీ నూనె చేరదు. ఇక ఉప్పు గోడ కింద పోస్తే చెద సంగతి ఎలా ఉన్నా ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. చవిటి నేలల్లో ఇళ్ళు చూడలేదా మీరు?

ప్రకృతి సేద్యం:
మీరు పనిచేసిన వ్యవసాయ శాఖే ఊరంతా గమాక్సిన్ చల్లించింది. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాం.

రిటైర్డ్ ఏఓ:
ఆ గమాక్సిన్, అదే బీహెచ్‌సీ, 1997లోనే ఆపేశారు. చెదకి వాడిన ఆల్డ్రిన్ కూడా నిషేధంలోనే ఉంది. వాటిని ఎవరైనా వెనక గదిలోంచి తీసిస్తే తీసుకోవద్దని నేనే చెబుతున్నా. మన గొడవ వేరే చోట పెట్టుకుందాం, ఆ అబ్బాయి పెళ్ళి పనుల్లో ఉన్నాడు.

అంబాజీపేట కుర్రాడు:
ఫొటోలు పెట్టాను. మొదటిది గుమ్మం, రెండోది గోడ. పొడి గుమ్మంలోంచి కాదంట, పైన అటక మీద వెదురు బుట్టల్లోంచి రాలుతోందని అమ్మ చెప్పింది.

పాలకొల్లు వడ్రంగి:
😀 రెండూ ఉన్నాయి. మాస్టారిదీ ఒప్పే, నాదీ ఒప్పే.

రిటైర్డ్ ఏఓ:
సరే. బుట్టలది పుచ్చే, దానికి హడావుడి అక్కర్లేదు. కొట్టిన వెదురు కొన్నాళ్ళు చెరువులో ఊరేస్తే అందులోని పిండిపదార్థం పోయి పుచ్చు పట్టదని మేదర్లకి తెలుసు. ఇప్పుడు నానబెట్టే ఓపిక ఎవరికుంది. అవి పారేయండి.

గుమ్మానిది నేల చెదే. కానీ ఆ రెండో ఫొటోలో గోడ కన్నా వెనక ఉన్నవే నన్ను భయపెడుతున్నాయి. కిటికీలోంచి నూతి గట్టు కనబడుతోంది. గోడకి ఆనించి కిటికీ మట్టం దాకా కొబ్బరి డొక్కలు, మట్టలు పేర్చి ఉన్నాయి. ఆ నుయ్యి వాడకంలో ఉందా?

అంబాజీపేట కుర్రాడు:
ఉందండి, వంటకీ తాగడానికీ అదే. డొక్కలు దింపు తీసినప్పుడల్లా అక్కడే వేస్తాం. ఎందుకు?

భీమవరం రొయ్యలు:
నుయ్యుంటే నేను చెప్పిన మందు వద్దు. మా వైపు చెరువు గట్టు మీద డబ్బా కడిగితేనే తగువులు. బైఫెంత్రిన్ అని ఇంకో చెద మందుంది, అది అసలొద్దు, చుక్క పడితే రొయ్య చచ్చి తేలిపోద్ది.

రిటైర్డ్ ఏఓ:
ఈయన మొదటిసారి సరైన మాట అన్నారు. అసలు క్లోరిపైరిఫాస్‌ని ఇళ్ళలో వాడటం అమెరికాలో 2000లోనే దాదాపు ఆపించేశారు. మన డెల్టాలో ఏ కాస్త తవ్వినా నీళ్ళు పడతాయి, పైగా ఇసుక పాలున్న నేలలో మందు చకచకా దిగిపోతుంది.

కుర్రాడు గారూ, స్ప్రేతో ఎందుకు పోవట్లేదో వినండి. మీరు చంపేది తిండికొచ్చిన కూలీ చెదల్ని. వాటి ఒళ్ళు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతాయి, అందుకే తడిమట్టితో గొట్టం కట్టుకుని అందులోంచే రాకపోకలు. ఇల్లు ఎక్కడో మట్టిలో ఉంటుంది, మీ పెరట్లోనే ఉండాలని కూడా లేదు. అక్కడ రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. మీరు వంద చంపితే వెయ్యి వస్తాయి. కాబట్టి చంపడం కాదు, దారి మూయాలి.

ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్ళకి చేసే పద్ధతి భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల చిల్లు వేసి, చిల్లుకి లీటరు మించకుండా మందునీళ్ళు ఎక్కించి, సిమెంటుతో మూస్తారు. మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ, అంటే చెదకి వాడే 30.5 శాతం రకం, అయితే లీటరు నీళ్ళకి 2.1 మి.లీ. పొలంలో కొట్టే 17.8 ఎస్‌ఎల్ డబ్బా ఇంట్లో ఉంది కదా అని అది పొయ్యొద్దు. ఇమిడాక్లోప్రిడ్‌కి వాసన ఉండదు, చెద దాన్ని పసిగట్టలేదు, అంటించుకుని వెళ్ళి తోటివాటికి పంచుతుంది. బైఫెంత్రిన్ తగిలితే వెనక్కి తిరిగి ఇంకో సందు వెతుక్కుంటుంది.

అయితే మీ నుయ్యి ఉన్న వైపు గోడకి ఒక్క చిల్లు కూడా వేయించకండి. ఎవరెంత గ్యారంటీ ఇచ్చినా సరే. మిగతా మూడు వైపులే. నీళ్ళ ట్యాంకు, వంటగది సంపు ఉన్నా ముందే చూపించండి.

రాజోలు ఆడపడుచు:
పెరట్లో పుట్ట ఉందా బాబూ? తొలకరికి ఉసిళ్ళు, అదే రెక్కల చెద, లేస్తాయా? మా పుట్టింట్లో దీపం దగ్గర ముంతలు పెట్టి పట్టి వేయించేవాళ్ళు.

అంబాజీపేట కుర్రాడు:
ఉందండి, కొబ్బరితోట మొదట్లో. నాయనమ్మ నాగులచవితికి పాలు పోస్తుంది. దానికీ గుమ్మానికీ ఏంటండీ సంబంధం?

భీమవరం రొయ్యలు:
ఇంకా నయం! పొక్లెయిన్ పెట్టి తవ్వించండి. మూలం అదే.

మండువా లోగిలి:
పూజ చేసే పుట్టని పొక్లెయిన్‌తో తవ్వమంటారా? మర్యాదగా మాట్లాడండి.

భీమవరం రొయ్యలు:
చెదకి మర్యాదేంటి సార్.

పాలకొల్లు వడ్రంగి:
పుట్ట మీద వానలకి లేచే పుట్టగొడుగుల కూర తిన్నారా ఎవరన్నా? మటన్ ఎందుకూ పనికిరాదు.

రిటైర్డ్ ఏఓ:
ఆ గొడుగులు చెద లోపల పెంచే బూజువే, అది దాని తిండి. కానీ విషయం అది కాదు. పుట్ట జోలికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. గుమ్మంలో ఉన్నవి ఆ పుట్టవే అనడానికి ఆధారం లేదు. అది తవ్వితే నాయనమ్మగారితో తగువు మిగులుతుంది, చెద ఇంకో పుట్ట నుంచి వస్తుంది. నాయనమ్మగారి పాలు ఆమె పోసుకుంటారు.

మీరు చెయ్యాల్సింది డొక్కల గుట్ట ఎత్తించడం. తడి, నీడ, తిండి మూడూ గోడ పక్కనే పెట్టి గుమ్మానికి మందు అడుగుతున్నారు. గుట్ట అడుగున చూడండి, మట్టి బాట గోడలోకి వెళ్ళేది అక్కడే దొరుకుతుంది. దొరికితే మొత్తం చెరపకండి, రెండంగుళాలు గిల్లి వదిలేయండి. ఒకటి రెండు రోజుల్లో అతుకు పడితే చెద ఇంకా నడుస్తున్నట్టు.

పాలకొల్లు వడ్రంగి:
గడప పనికిరాదు, ఫొటోలోనే తెలిసిపోతంది. నిలువు కమ్మీలు డొల్ల ఎక్కడిదాకా ఉందో అక్కడికి కోసేసి, కింద రాయి దిమ్మ కట్టి దాని మీద కొత్త ముక్క అతుకుతాం. గడప కూడా రాయిదే వెయ్యండి, పసుపు రాసుకోడానికి అదీ బాగుంటాది. కొత్త ముక్కకి రంగు వెయ్యకముందే బోరాక్స్, బోరిక్ పౌడరు వేణ్ణీళ్ళలో కలిపి నాలుగు చేతులు పట్టించాలి. చుట్టూ ఉన్న పాత కర్రకీ అంతే. వానకి తడిసే చోట మాత్రం అది కడుక్కుపోద్ది.

అంబాజీపేట కుర్రాడు:
చిల్లుల పని పెళ్ళికి ముందే అయిపోవాలండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు రేపే వస్తామన్నారు, నాలుగు వైపులా చేస్తారట, మందు పేరు అడిగితే కంపెనీ మందు అన్నారు.

రిటైర్డ్ ఏఓ:
మందు పేరు చెప్పనివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వకండి. 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. డబ్బా సీలు మీ ఎదుట తియ్యాలి, బిల్లు మీద మందు పేరు, శాతం రాయాలి. నుయ్యి ఉన్న వైపు చెయ్యనని వాళ్ళంతట వాళ్ళే అంటే నమ్మండి.

నన్నడిగితే పెళ్ళికి ముందు నేలకి మందు వద్దు. చంటిపిల్లలు నేల మీదే పాకుతారు, వంట వసారాలోనే. ఇప్పటికి డొక్కలు, గడప చూసుకోండి, చిల్లులు పెళ్ళయ్యాక.

ప్రకృతి సేద్యం:
చూశారా, చివరికి మందు వద్దనే అన్నారు.

రిటైర్డ్ ఏఓ:
పెళ్ళయ్యాక అన్నానండీ.

అంబాజీపేట కుర్రాడు:
గుట్ట ఎత్తించేశాం. అడుగున గోడ పొడుగునా మట్టి బాటలున్నాయి, బూడిద రంగులో, వేలంత లావు. గడప గురించి మేస్త్రి గారికి విడిగా మెసేజ్ పెట్టాను. థాంక్సండి అందరికీ.

పాలకొల్లు వడ్రంగి:
చూశాను తమ్ముడూ. ఆదివారం వస్తా, కొలతలు తీసుకుందాం.

రాజోలు ఆడపడుచు:
ఏఓ గారూ, మా బీరువా చిల్లులోకి బోరాక్స్ నీళ్ళు ఎక్కించొచ్చా, వేరే మందు కావాలా?

కొత్తపేట:
అంబాజీపేట బ్రదర్, డొక్కలు పీచు ఫ్యాక్టరీకేనా వేసింది? ట్రాక్టరు ఎంతకి పోయింది? మాకూ ఉన్నాయి.