నోట్లో పిల్లలున్న యెల్లో ల్యాబ్ చేప: స్ట్రిప్ చేయాలా, వదిలేయాలా?

రాతిగుట్ట:
నా యెల్లో ల్యాబ్ ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని 16 రోజులుగా తిండి ముట్టట్లేదు. దవడ కింద సంచిలా దిగింది, అద్దం దగ్గరికొచ్చినప్పుడు ఆ పల్చటి చర్మంలోంచి పిల్లల కళ్ళు నల్ల చుక్కల్లా కనిపిస్తున్నాయి, పొట్టేమో లోపలికి పోయింది, చూస్తుంటే జాలేస్తోంది. మిక్స్‌డ్ ఎంబూనా ట్యాంకు, అంటే ఆఫ్రికా మలావీ సరస్సు రాళ్ళ చేపలు రకరకాలవి కలిసి ఉన్నాయి. స్ట్రిప్ చేసి, అంటే నోరు తెరిచి పిల్లల్ని బయటికి తీసి, విడిగా పెంచాలా, అదే ఉమ్మేదాకా ఆగాలా?

నీలిగట్టు:
ఇంకో 2 రోజులాగి స్ట్రిప్ చేసేయండి. చేతులు తడుపుకుని, నీళ్ళలోనే తల కిందికి పెట్టి పట్టుకుని కింది పెదవి మెల్లగా తెరిస్తే పిల్లలు వాటంతటవే రాలతాయి. నేను మొదటిసారి వదిలేశా, పొద్దున లైటేసి చూస్తే రాళ్ళ సందులో రెండంటే రెండు పిల్లలు, మిగతావన్నీ పక్క చేపలు మింగేశాయి.

గులకరాయి:
దయచేసి చేయకండి. ఒకరు చెప్తే నేనూ చేశాను, దాని దవడ పక్కకి తిరిగిపోయింది, పెల్లెట్ పట్టుకోవడం జారిపోవడం, పట్టుకోవడం జారిపోవడం, 9 రోజులు అలా చూశాను, తర్వాత పోయింది. మూడు వారాలు తిండి మానేసి మోయడం దాని పుట్టుకలోనే ఉంది.

నీలిగట్టు:
ఎన్నో రోజున చేశారు?

గులకరాయి:
12. రోజుతో ఏం పని, దవడ పోయిందంటున్నాను.

నీలిగట్టు:
అదేనండి నేననేది. 12కి పిల్లలకి పచ్చసొన సంచి ఇంకా కరగదు, తల్లి కూడా నోరు బిగించేస్తుంది. తప్పు స్ట్రిప్ చేయడంలో లేదు, తొందరలో ఉంది.

మీనకన్ను:
ఊరికే రోజులు లెక్కపెట్టకండి, నీళ్ళు 28 డిగ్రీలుంటే తొందరగా ఎదుగుతాయి, 24 అయితే లేటవుతుంది.

గులకరాయి:
మీరు రోజుల దగ్గరే ఆగిపోయారు. పోయిన వారం మీరే రాశారు, ఒకే ఆడచేపని నాలుగుసార్లు స్ట్రిప్ చేశానని. ముందే లాక్కుంటే అది తొందరగా కోలుకుని మళ్ళీ గుడ్లు పెడుతుంది, మళ్ళీ లాక్కుంటారు. మీకు కావాల్సింది చేప కాదు, పిల్లల లెక్క.

నీలిగట్టు:
ప్రతిసారీ రెండు నెలలు విడిగా పెట్టి మేపానని కూడా రాశాను, అది మీరు చదవలేదు. కరెంటు పోయిన రాత్రంతా మగ్గుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ కూర్చున్నవాణ్ణి, నాకు చేపలంటే ప్రేమ లేదని మాత్రం అనకండి.

కొత్తట్యాంకు:
ఇద్దరూ కాస్త ఆగండి. రాతిగుట్ట గారూ, పిల్లల తండ్రి ఎవరు?

రాతిగుట్ట:
మగ ల్యాబ్ రెండు నెలల కిందట చచ్చిపోయింది. రాయి మీద దీంతో గుండ్రంగా తిరిగింది రెడ్ జీబ్రా అనే వేరే జాతి మగది. ఇది గుడ్డు పెట్టి నోట్లోకి తీసుకుని, ఆ మగదాని కింది రెక్క మీది పసుపు చుక్కల్ని నోటితో ముట్టడం కళ్ళారా చూశాను, గుడ్లు ఫలించేది అలాగే కదా. తేడా ఏమైనా ఉందా?

గులకరాయి:
చాలా ఉంది. పసుపు ల్యాబ్ మలావీ సరస్సు పడమటి ఒడ్డున లయన్స్ కోవ్ దగ్గరిది, రెడ్ జీబ్రా తూర్పున మొజాంబిక్ ఒడ్డుది, సరస్సులో వీటికి కలిసే దారే లేదు. ట్యాంకులో సొంత మగది లేకపోతే ఉన్నదాంతోనే జత కడుతుంది. ల్యాబ్ అని చెప్తే తెచ్చుకుని రెండేళ్ళు పెంచాను, అసలు ల్యాబ్‌కి పై రెక్క మీద ఉండే నల్ల చార రానేలేదు, ఒళ్ళంతా నారింజకి తిరిగింది. వాటి పిల్లల్ని కూడా ల్యాబ్ అనే పంచేశాను, అది ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

నీలిగట్టు:
హైబ్రిడ్, రెండు జాతులు కలిసినవి అని చెప్పి ఇస్తే తప్పేంటి? ఆరోగ్యంగా పుట్టిన పిల్లలవి. అబద్ధం చెప్పినవాడి పాపం వాటికెందుకు?

గులకరాయి:
మీరు చెప్తారు. మీ దగ్గర తీసుకున్నవాళ్ళు చెప్తారా? రెండో చేతికి వెళ్ళేసరికి అది ల్యాబే. అందుకే వదిలేయమన్నాను, మిక్స్‌డ్ ట్యాంకులో ఎన్ని మిగిలితే అన్ని, బయటికి పోవు.

నీలిగట్టు:
అంటే పక్క చేపలు తినేస్తే మీకు సమ్మతమే. ఇది మొదటే చెప్పుంటే దవడ గురించి ఇంతసేపు కొట్టుకునేవాళ్ళం కాదు. నా కళ్ళముందు పుట్టినదాన్ని నేను అలా వదల్లేను, ఎవరికీ ఇవ్వకుండా నేనే పెంచుకుంటాను.

గులకరాయి:
అన్నీ? ఆడది పెట్టిన ప్రతిసారీ?

రాతిగుట్ట:
స్ట్రిప్ చేయట్లేదు. జీబ్రాని ఇవాళే వేరే ట్యాంకులోకి మార్చాను. మిగిలిన పిల్లలు నా దగ్గరే ఉంటాయి, ఎవరికీ ఇవ్వను. తల్లి ఇందాక వెనక రాయి నీడలో కనబడింది, దవడ సంచి లోపల కదుల్తోంది, ఇంకా ఉమ్మలేదు.